కాన్వీ కోటకు మోటార్‌హోమ్‌లో వెళ్తున్నారా? బయానా కట్టే ముందు ఇది చదవండి

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువారికి, ముఖ్యంగా ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఉత్తర వేల్స్‌లోని కాన్వీకి తీసుకెళ్లాలనుకునేవారికి ఈ హెచ్చరిక. ‘కోట గోడ పక్కనే నిద్ర లేవండి’ అని ఊరిస్తూ మోటార్‌హోమ్‌లు (లోపలే పడుకుని వండుకునే బండ్లు) అద్దెకిచ్చే ప్రకటనలు ఈమధ్య బాగా కనిపిస్తున్నాయి. అలాంటి ప్రకటన ఇచ్చిన ఒక సంస్థ దగ్గరే ఈస్టర్ సెలవులకు బండి తీసుకున్నాం. వాళ్లు చెప్పిన దాంట్లో ఒక్కటీ నిజం కాదు.

ముందుగా ఆ గోడ సంగతి. కాన్వీ కోటనూ, ఊరి చుట్టూ ఉన్న ప్రాకారాన్నీ మొదటి ఎడ్వర్డ్ రాజు 1283 నుంచి 1287 మధ్య కట్టించాడు. 1.3 కిలోమీటర్ల ఊరి గోడ, దాని 21 బురుజులు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. లోపలి వీధులు, కమాను ద్వారాలు ఆనాటి బండ్ల కొలతలవి. ఏడు మీటర్ల మోటార్‌హోమ్ అక్కడ తిరగదు, గోడ బయట నిలిపి నడిచి వెళ్లాల్సిందే. పైగా అక్కడి చాలా పార్కింగ్ స్థలాల్లో రాత్రి బండిలో పడుకోనివ్వరు. ‘ఎక్కడైనా ఆపుకోవచ్చు, అనుమతి ఉంది’ అని ఆ సంస్థ ఫోనులో చెప్పింది పచ్చి అబద్ధం. సెలవుల రద్దీకి రాత్రి బండి నిలిపి పడుకోనిచ్చే దగ్గరి కారవాన్ సైట్లన్నీ నిండిపోయి ఉన్నాయి. చీకటి పడ్డాక, వృద్ధులతో, ఆకలితో ఉన్న పిల్లలతో చోటు వెతుక్కుంటూ తిరిగాం.

బండి స్థితి అంతకంటే ఘోరం. పైకప్పు కిటికీ చుట్టూ చెక్క ఉబ్బి ఉంది, పరుపు కింద బూజు. ఆ వాసన తెలియకుండా సెంటు చల్లి ఇచ్చారు. మా అమ్మకు ఉబ్బసం, రాత్రంతా దగ్గుతూనే ఉంది. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు. తాళాలు తీసుకునేటప్పుడు కిటికీల మూలల్లో గోడను వేలితో నొక్కి చూడండి. మెత్తగా లోపలికి దిగితే ఆ బండి వద్దు.

హీటరు అర్ధరాత్రి ఆరిపోయింది. చలిరోజుల్లో బ్యూటేన్ గ్యాస్ సిలిండర్ పెట్టి పంపారు. సున్నా డిగ్రీల దగ్గర బ్యూటేన్ సరిగా ఆవిరి కాదు, ప్రొపేన్ మైనస్ 42 దాకా పనిచేస్తుంది. బ్రిటన్‌లో సాధారణంగా నీలం సిలిండర్ బ్యూటేన్, ఎరుపుది ప్రొపేన్. ఇది అద్దెకిచ్చేవాళ్లకు తెలియని విషయం కాదు. అన్నిటికన్నా ప్రమాదకరమైనది, కార్బన్ మోనాక్సైడ్ అలారంలో బ్యాటరీయే లేదు. గ్యాస్ సరిగా మండకపోతే పుట్టే ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అలారం బటన్ నొక్కి, మోగాకే బండి కదిలించండి.

టైర్ల మీద నాలుగంకెల తయారీ గుర్తు ఉంటుంది. 2316 అంటే 2016లో 23వ వారం. పైకి అరగకపోయినా రబ్బరు పాతబడితే పగుళ్లు పడుతుంది. బండి నంబరు ఉంటే చాలు, అది రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో చూసే ఎంఓటీ తనిఖీల చరిత్రంతా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా కనిపిస్తుంది. మేము అడిగితే ‘వచ్చే రోజు ఇస్తాం’ అని నంబరు దాటవేశారు.

తిరిగి అప్పగించాక, బంపరు మీద ముందునుంచే ఉన్న గీతకు మా డిపాజిట్‌లో 600 పౌండ్లు కోశారు. తాళాలు తీసుకున్నప్పుడే మా అబ్బాయి బండి చుట్టూ తీసిన వీడియోలో ఆ గీత స్పష్టంగా ఉంది. పంపినా జవాబు లేదు. బయానా క్రెడిట్ కార్డుతో కట్టాం కాబట్టి ఇప్పుడు కార్డు సంస్థ దగ్గర ఫిర్యాదు నడుస్తోంది. 1974 నాటి వినియోగదారు రుణ చట్టం 75వ సెక్షన్ ప్రకారం 100 పౌండ్లు దాటి 30,000 లోపు ధర ఉన్నవాటికి కార్డు సంస్థ కూడా బాధ్యత వహించాలి. కొంత భాగమే కార్డుతో కట్టినా ఇది వర్తిస్తుంది. బ్యాంకు బదిలీకి ఈ రక్షణ లేదు. ‘బదిలీ చేస్తే తగ్గిస్తాం’ అన్నారంటే ఎందుకో ఆలోచించండి.

కోట మాత్రం చూసి తీరాలి. ఎనిమిది బురుజులు, పక్కనే ఇంజినీరు టెల్‌ఫోర్డ్ కట్టిన 1826 నాటి వేలాడే వంతెన. గోడ మీద నడుస్తుంటే నాన్న ముఖంలో అలసటంతా పోయింది. రైలు ఊళ్లోకే వస్తుంది, గోడల లోపల బస చేయడానికి గదులూ దొరుకుతాయి. పెద్దవాళ్లతో అయితే నేను అదే సూచిస్తాను.

ఇప్పటికే ఎవరికైనా బయానా కట్టి ఉంటే ఈ రోజే బండి నంబరు, గ్యాస్ రకం, రాత్రి ఆపే చోటు రాతపూర్వకంగా అడగండి. నంబరు ఇవ్వకపోతే రద్దు చేసుకోండి.