షెన్‌జెన్‌లో నాలుగేళ్లుగా ఆటో ఎస్‌ఎస్‌హెచ్

చైనాలోని షెన్‌జెన్‌కు ఉద్యోగానికి వచ్చి నాలుగేళ్లు దాటింది. గూగుల్, యూట్యూబ్, వాట్సాప్ ఇక్కడ తెరుచుకోవని వచ్చేముందే తెలుసు. తెలుగు వికీపీడియా కూడా రాదని మాత్రం వచ్చాకే తెలిసింది. 2019 ఏప్రిల్‌లో చైనా అన్ని భాషల వికీపీడియాలనూ అడ్డుకుంది. మా ఊరి పేజీని తీరిక దొరికినప్పుడల్లా సరిదిద్దుకునే నాకు అది పెద్ద వెలితి.

సింగపూర్‌లో చిన్న సర్వరు అద్దెకు తీసుకుని, ల్యాప్‌టాప్ నుంచి దానికి ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటరుకు గుప్తంగా కలిపే ప్రోగ్రాము) సొరంగం వేసుకున్నాను. బ్రౌజరును ల్యాప్‌టాప్‌లో ఆ సొరంగానికి ద్వారమైన 1080 పోర్టు (సాక్స్ ప్రాక్సీ) వైపు తిప్పగానే అన్నీ వచ్చాయి. కష్టమంతా దాన్ని నిలబెట్టుకోవడంలోనే. సొరంగం తెగినా తెగినట్టు కనబడదు. అమ్మ అక్కడ రాత్రి ఎనిమిదిన్నరకు ‘తిన్నావా నాన్నా’ అని వాట్సాప్‌లో పెడుతుంది; ఇక్కడ అప్పటికి పదకొండు. ఒకరోజు ఆ సందేశం రాలేదు. ప్రాసెస్‌ల జాబితాలో ఎస్‌ఎస్‌హెచ్ నిక్షేపంగా ఉంది, పేజీ మాత్రం తిరుగుతూనే ఉంది. దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టాక అమ్మ సందేశం, దాని కిందే ‘పడుకున్నావా’ అని మరొకటి వచ్చాయి. ఆటో ఎస్‌ఎస్‌హెచ్ పెట్టుకున్నది ఆ రాత్రే.

ఇది ఎస్‌ఎస్‌హెచ్‌ను కనిపెట్టుకుని ఉండి, ఆగిపోతే తిరిగి లేపుతుంది. ప్రాణం ఉండీ పలకని సొరంగాన్ని పసిగట్టే పని మాత్రం ఎస్‌ఎస్‌హెచ్‌కే వదిలేయడం మేలు. ఆటో ఎస్‌ఎస్‌హెచ్ సొంత తనిఖీకి వాడే కాపలా పోర్టును సున్నా చేసి (అంటే ఆపేసి), ఎస్‌ఎస్‌హెచ్‌లో సర్వర్ అలైవ్ ఇంటర్వెల్ 30, కౌంట్ మ్యాక్స్ 3 పెట్టాను. అవతలి నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే ఎస్‌ఎస్‌హెచ్ అర నిమిషానికొకసారి పలకరిస్తుంది. మూడుసార్లు జవాబు రాకపోతే తనంతట తాను తప్పుకుంటుంది, కొత్తది లేస్తుంది. మొత్తం దాదాపు ఒకటిన్నర నిమిషం.

నన్ను బాగా ఏడిపించింది ఆటో ఎస్‌ఎస్‌హెచ్‌లోని గేట్‌టైమ్ అనే విలువ. మొదటి ప్రయత్నం 30 సెకన్లలోపే విఫలమైతే, అమరికలోనే తప్పుందనుకుని ఆటో ఎస్‌ఎస్‌హెచ్ మొత్తంగా మానుకుంటుంది. ల్యాప్‌టాప్ ఆన్ చేసినప్పుడు వైఫై అందేలోపే సరిగ్గా అదే జరిగేది. ఆ విలువను సున్నా చేసి, సిస్టమ్‌డి (లైనక్స్‌లో ప్రోగ్రాములను వెనుక నుంచి నడిపే వ్యవస్థ) సర్వీసుగా పెట్టాక ఆ బాధ తీరింది. అలాగే డీఎన్‌ఎస్ ప్రశ్నలు (సైటు పేరుకు చిరునామా అడిగేవి) కూడా సాక్స్ గుండా వెళ్లేలా బ్రౌజరులో గడిలో టిక్కు పెట్టండి. లేకపోతే ఇక్కడి నెట్ తప్పుడు చిరునామాలు ఇస్తుంది, సొరంగం బాగున్నా పేజీ రాదు.

చదవడానికి, రాయడానికి, సందేశాలకు నాకిది పూర్తిగా సరిపోయింది. వీడియో కాల్స్‌కు పనికిరాదు. ఈ సొరంగం టీసీపీ అనే రకం రాకపోకలనే మోస్తుంది, కాల్స్ ఎక్కువగా వేరే రకం వాడతాయి. పైగా ఎస్‌ఎస్‌హెచ్ రాకపోకలను నిఘా యంత్రాలు సులువుగా గుర్తుపడతాయి. కొన్ని రోజులు వేగం నత్తనడకే, ఎన్నిసార్లు తిరిగి లేపినా లాభం ఉండదు. ఆ రోజుల కోసం వేరే దారి ఒకటి సిద్ధంగా పెట్టుకోవాలి.

సొరంగం కుదిరాక కూడా వికీపీడియాలో రాయడం వెంటనే సాధ్యం కాలేదు. అద్దె సర్వర్ల చిరునామాల నుంచి దిద్దుబాట్లను వాళ్లు తరచూ నిరోధిస్తారు. ఐపీ నిరోధం నుంచి మినహాయింపు కోరి తెచ్చుకున్నాక, మా ఊరి చెరువు గురించి సగంలో ఆగిన భాగాన్ని పూర్తి చేశాను.