మొదటి దొంగతనానికి జైలా, ఊరి అండా: ఏది మేలు?

కోర్టు వరండాలో నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. సెల్‌ఫోన్ పోగొట్టుకున్నాయన "వాణ్ణి లోపలేస్తేనే కదండీ బుద్ధొచ్చేది?" అంటాడు. పట్టుబడ్డ కుర్రాడి తల్లి "ఈ ఒక్కసారికి బయటపడే దారేమైనా ఉందా బాబూ?" అంటుంది. ఇద్దరి బాధా నిజమే. హత్యలు, అత్యాచారాలు, ముఠాలు కట్టి చేసే దోపిడీల సంగతి వేరు, అక్కడ జైలు అవసరమే. నేను చెప్పేది ఇరవై ఏళ్ల లోపో, కాస్త అటూ ఇటూగానో ఉండి, మొదటిసారి చిన్న దొంగతనంలో దొరికినవాడి గురించి.

ముందు జైలు సంగతి. లోపల ఉన్నన్నాళ్లు మన వీధిలో దొంగతనం చేయలేడు, పోగొట్టుకున్నవాళ్లకు న్యాయం జరిగిందన్న ఊరట దొరుకుతుంది. ఆ రెండూ తీసిపారేసేవి కావు. కానీ మన దేశంలో జైలు అంటే చాలావరకు తీర్పు తర్వాత పడే శిక్ష కానే కాదు. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5.73 లక్షల మంది ఉంటే, అందులో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. నూటికి 76 మంది అన్నమాట. వంద మందికి కట్టిన చోట 131 మంది ఉన్నారు. మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాణ్ణి అందులో మూడో వంతు కాలం రిమాండులో గడిపాక వదలాలని సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం, బీఎన్‌ఎస్‌ఎస్ 479వ సెక్షన్, చెబుతోంది. ఈలోగా జామీను దొరకనివాడు నేరం రుజువు కాకుండానే ఏడాది లోపల ఉండొచ్చు. అప్పటికి మెకానిక్ షెడ్డులో పని పోతుంది, అద్దె గది పోతుంది. లోపల పక్కన పడుకునేవాళ్లు ఎలాంటివాళ్లో తెలిసిందే.

రెండో దారి ప్రొబేషన్. 1958 నుంచీ చట్టం ఉంది, వాడేది తక్కువ. నేరం రుజువయ్యాక కూడా జైలుకు పంపకుండా, మూడేళ్ల వరకు సత్ప్రవర్తనతో ఉంటానని బాండు రాయించుకుని కోర్టు వదలొచ్చు. అవసరమైతే ప్రొబేషన్ అధికారి నిఘాలో పెట్టొచ్చు. మాట తప్పితే మొదటి నేరానికే శిక్ష వేయొచ్చు. ఇరవై ఒక్క ఏళ్లలోపు వాళ్లయితే, యావజ్జీవం పడే నేరం కానప్పుడు, అసలు జైలుశిక్ష వేయాలంటేనే మేజిస్ట్రేటు కారణాలు రాయాలి, ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకోవాలి. "మరి నా నష్టం సంగతేంటి?" అనేవాళ్లకు 5వ సెక్షన్ ఉంది. బాధితుడికి పరిహారం కట్టమని అదే ఉత్తర్వులో చెప్పొచ్చు. జైలుకు పంపినంత మాత్రాన ఫోన్ పోయినాయనకు రూపాయి రాదు.

నా దృష్టిలో తేల్చేది ఇవేవీ కాదు. 4వ సెక్షన్‌లో ఇంకో షరతు ఉంది. ముద్దాయికిగానీ, అతని తరఫున పూచీ ఇచ్చేవాడికిగానీ ఆ కోర్టు పరిధిలో స్థిరమైన ఇల్లో, పనో ఉండాలి. కేసు మొదట్లో బెయిల్ వచ్చినా దాదాపు ఇదే అడ్డం. బెయిల్ ఉత్తర్వు చేతికొచ్చినా ఇద్దరు జామీనుదారులు దొరక్క లోపలే ఉండిపోయేవాళ్లు ఉంటారు. అంటే జైలా, బయటా అన్నది చాలాసార్లు చేసిన తప్పును బట్టి తేలడం లేదు. వెనక ఒక మనిషి ఉన్నాడా లేడా అన్నదాన్ని బట్టి తేలుతోంది. ఊరి అండ అంటే నేను దయాదాక్షిణ్యాల గురించి మాట్లాడటం లేదు. ఇంటి పన్ను రసీదు పట్టుకుని కోర్టుకొచ్చే పక్కింటాయన, "మళ్లీ పనిలో పెట్టుకుంటాను" అని చెప్పే షెడ్డు యజమాని, చదువు మధ్యలో ఆగితే ఫీజు సంగతి చూసే టీచరు, వీళ్లే ఆ అండ.

అండ లేకుండా ఒట్టి కాపలాతో నేరం తగ్గుతుందా అనేదానికి మన గడ్డ మీదే పెద్ద సాక్ష్యం ఉంది. 1871లో వచ్చి, 1911లో మద్రాసు రాష్ట్రానికీ విస్తరించిన నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటులో ఉంచారు. పుట్టిన కులమే నేరమైపోయింది. హాజరు వేయించుకోవాలి, బయటికి పోవాలంటే పాసు కావాలి. 1952 నాటికి ఆ చట్టం దేశమంతటా పోయింది కానీ ఊరి పేరుకు అంటిన మచ్చ పోలేదు. ఇన్ని దశాబ్దాల కాపలా తర్వాత కూడా 1970ల్లో అక్కడ దొంగతనాల సమస్య మిగిలే ఉంది. అప్పుడు జాషువా గారి అమ్మాయి హేమలతా లవణం, ఆమె భర్త లవణం అక్కడికి వెళ్లారు. ఇళ్లకు వెళ్లి మాట్లాడారు, మానేస్తామన్నవాళ్ల తరఫున ప్రభుత్వంతో మాట్లాడారు, సంస్కార్ సంస్థ ద్వారా పునరావాసం, పిల్లల చదువుల పని చేశారు. అక్కడి పిల్లలు బడికి వెళ్లి ఉద్యోగాలకు వచ్చారంటే అది పాసుల వల్ల కాదు. ఈ ఒక్క ఊరి కథ తెలిసినవాళ్లెవరూ "భయమే మందు" అని గట్టిగా అనలేరని నా నమ్మకం.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. ఊరి అండ వేరు, పెద్దమనుషుల పంచాయితీ వేరు. ఆడపిల్ల మీద దౌర్జన్యం జరిగితే డబ్బిచ్చి నోరు మూయించడాన్ని "ఊళ్లోనే సర్దుకున్నాం" అనేవాళ్లున్నారు. భార్యను కొట్టినవాణ్ణి మళ్లీ అదే ఇంటికి పంపి సర్దుకుపొమ్మంటారు. అక్కడ అండ కావాల్సింది ఆమెకు.

మిగతా దారులు క్లుప్తంగా. ఐదు వేల రూపాయల లోపు దొంగతనం మొదటిసారి చేసి, సొమ్ము తిరిగిచ్చేస్తే 2024 జూలై నుంచి సమాజ సేవ శిక్ష ఉంది. మంచిదే, కానీ పరిధి చిన్నది. ఓపెన్ జైళ్లు, అనంతపురం, చర్లపల్లిల్లో ఉన్నట్టివి, శిక్ష పడ్డవాళ్లకు పనికొస్తాయి, మన కుర్రాడికి కాదు. జరిమానా ఒక్కటే వేస్తే కట్టేది తల్లే.

అందుకే నన్నడిగితే, మొదటి చిన్న దొంగతనానికి ప్రొబేషనే మేలు, వెనక నిలబడే మనిషిని వెతికిపెట్టే పని ఎవరో ఒకరు చేస్తేనే. ఇలాంటి కేసు మీ ఇంట్లోనో వీధిలోనో ఉంటే, బెయిల్‌కు వేసేనాడే జామీనుదారుల కాగితాలు సిద్ధం చేయండి. లాయరు ఫీజు కట్టలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, వకీలును ఉచితంగా ఇస్తారు. జామీను సొమ్ము కట్టలేని పేద విచారణ ఖైదీలకు సాయం చేసే కేంద్ర పథకం ఉంది, అడగండి. తీర్పు దగ్గరపడే సమయానికి ప్రొబేషన్ చట్టం 4వ సెక్షన్ కింద వదలమని రాతపూర్వకంగా కోరమని మీ లాయరుకు చెప్పండి. పని ఇస్తానన్న యజమానిని ఆ రోజు కోర్టుకు తీసుకురండి.