షాపు ఫోల్డర్ ఫోన్‌లో తెరవాలంటే ఏది మేలు: షేరింగా, ఎఫ్‌టీపీనా, డ్రైవా?

రాయగడ, పర్లాకిమిడి వైపు ఫొటో స్టూడియోలు, డీటీపీ షాపులు నడిపే మనవాళ్లు తరచూ అడిగేది ఇదే: షేర్ పెట్టిన ఫోల్డర్ పక్క సిస్టమ్‌లో వస్తోంది, ఫోన్‌లో రావట్లేదు, ఏం చెయ్యాలి?

ఒకే వైఫై మీద ఉన్నంతసేపు నా ఓటు విండోస్ షేరింగ్‌కే, అదే ఎస్‌ఎంబీ. పెళ్లి ఫొటోలు ఎన్ని జీబీలున్నా కాపీ చేసుకోనక్కర్లేదు, కావలసింది అక్కడే తెరిచి పార్టీకి చూపించొచ్చు. రాకపోతే ముందు ఫోన్ ఏ వైఫైలో ఉందో చూడండి. గెస్ట్ వైఫై అయితే రౌటర్ సాధారణంగా సిస్టమ్ దాకా పోనివ్వదు, మొబైల్ డేటా మీద 192.168తో మొదలయ్యే షాపు లోపలి అడ్రస్ అసలు దొరకదు. విండోస్‌లో ఆ నెట్‌వర్క్ ప్రైవేట్ అని ఉండాలి. నిన్నటిదాకా వచ్చి, కరెంటు పోయొచ్చాక ఆగిపోయిందంటే సిస్టమ్ ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో దాని అడ్రస్, మారి ఉంటుంది, రౌటర్‌లో దానికి ఒకే ఐపీ కేటాయించెయ్యండి. పాస్‌వర్డ్ తప్పంటోందా? రోజూ కొట్టే పిన్ ఇక్కడ చెల్లదు, విండోస్ అకౌంట్ పాస్‌వర్డే కావాలి, మెయిల్‌తో లాగిన్ అయ్యేవాళ్లకి ఆ మెయిల్ పాస్‌వర్డే. నేనైతే ఫోన్ల కోసం విడిగా ఒక లోకల్ యూజర్‌ని పెడతాను, పనికుర్రాళ్ల ఫోన్లలో మన మెయిల్ పాస్‌వర్డ్ ఎందుకు చెప్పండి!

అయినా రాకపోతే ఎవరో ఒకరు 'ఎస్‌ఎంబీ 1 (ఆ షేరింగ్ పాత వెర్షన్) ఆన్ చెయ్' అంటారు. వద్దు. 2017లో ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగిన వన్నాక్రై వైరస్ పాకింది ఆ కంతలోంచే. ఫోన్‌లో ఫైళ్లు చూసే యాప్ మార్చండి, సాలిడ్ ఎక్స్‌ప్లోరర్ లాంటివి కొత్త వెర్షన్‌తోనే పనిచేస్తాయి. ఐఫోన్‌కి ఐఓఎస్ 13 నుంచి ఫైల్స్ యాపే చాలు.

ఎఫ్‌టీపీ, అంటే ఫైళ్లు పంపుకునే పాత పద్ధతి, సులువే. ఫోన్‌లో ఎఫ్‌టీపీ యాప్ తెరిచి స్టార్ట్ నొక్కి, అది చూపించే అడ్రస్ సిస్టమ్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో కొట్టడమే. కానీ అప్పుడు తెరుచుకునేది ఫోన్ ఫోల్డర్, సిస్టమ్‌ది కాదు. పైగా మనం కార్డు ఫైళ్లకి కొన్ని తెలుగులో, కొన్ని ఒడియాలో పేర్లు పెడతాం కదా, అవి ఇందులో ఒక్కోసారి ప్రశ్నార్థకాలై కూర్చుంటాయి, ఎవరి పెళ్లికార్డు ఏదో తేలదు. ఫోన్‌లో తీసిన ఫొటోలు ఒకసారి దించుకోవడానికి సరే.

గూగుల్ డ్రైవ్ గెలిచేది ఊరు దాటినప్పుడే. గుణుపురంలో ఉన్న పార్టీకి ప్రూఫ్ చూపించాలంటే అదే దారి. ఉచితంగా వచ్చేది 15 జీబీ, అదీ మెయిల్‌తో కలిపి, కాబట్టి పీడీఎఫ్‌లు పెట్టండి, ఆల్బమ్‌లు పెట్టకండి. బయటి నుంచి షాపు ఫోల్డరే కావాలని రౌటర్‌లో 445 పోర్టు (విండోస్ షేరింగ్ వాడే దారి) ఇంటర్నెట్‌కి తెరిచి మాత్రం కూర్చోవద్దు, వీపీఎన్, అంటే బయటి నుంచి షాపు నెట్‌వర్క్‌కి భద్రమైన దారి, పెట్టించుకోండి.