చెత్తబండి దూరని సందుల్లో కాలువ, మంట, కుండీ, తోపుడు బండి: ఏది మేలు?

ఇరుకు సందుల్లో, ఒక్క గది ఇళ్లలో ఉండేవాళ్లు చెత్త ఎక్కడపడితే అక్కడ వేస్తారని, వాళ్లకి శుభ్రత తెలియదని అనేయడం తేలిక. లోపలికి వెళ్లి చూస్తే ఇల్లు అద్దంలా ఉంటుంది. అసలు చిక్కంతా చెత్త గుమ్మం దాటాకే. ఇంట్లో దాచుకుందామంటే చోటుండదు. పెద్ద వీధిలోకి బండి వచ్చే వేళకి అందరూ పనుల్లోకి వెళ్లిపోయి ఉంటారు. ఇక మిగిలేవి నాలుగు దార్లు.

కాలువలో పడేస్తే ఆ పూటకి పీడ విరగడైనట్టే ఉంటుంది. వాన పడితే మాత్రం నీళ్లు ముందుగా దూరేది పల్లంలో ఉన్న ఆ ఇళ్లలోకే. పోనీ ఖాళీ స్థలంలో పడేద్దామా అంటే, డెంగీ దోమ గుడ్లు పెట్టేది మురికి కాలువలో కంటే పారేసిన కప్పుల్లో, టైర్లలో నిలిచిన వాన నీళ్లలోనే ఎక్కువ.

కాల్చేస్తే అసలు చెత్తే ఉండదుగా అనుకునేవాళ్లు చాలామంది. నా లెక్కలో ఇదే అన్నిటికన్నా చెడ్డది. పీవీసీ (పైపులు చేసే రకం) లాంటి ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లనే విష పదార్థాలు పుడతాయి. ఫ్యాక్టరీ పొగ కనీసం గొట్టం ఎక్కి పైకి పోతుంది, ఈ పొగ కిటికీ ఎత్తులోనే తిరుగుతుంది. తడి చెత్త కలిసిందంటే మంట సరిగా అందుకోదు, పొగ ఇంకా ఎక్కువ.

కాబట్టి అసలు పోటీ కుండీకీ బండికీ మధ్యే.

కుండీకి వేళాపాళా అక్కర్లేదు, రాత్రి పదింటికి వచ్చినా వేయొచ్చు. పనివేళలు స్థిరంగా లేనివాళ్లకి ఇది చిన్న విషయం కాదు. కానీ తన గుమ్మం పక్కన కుండీ పెట్టనిచ్చేది ఎవరు? అందుకే అది దూరంగా పోతుంది. అంత దూరం సంచి పట్టుకుని వెళ్లే పని పిల్లల మీద పడుతుంది. కుండీ అంచు వాళ్లకి అందదు, పక్కన పడేసి వచ్చేస్తారు. ఆ తర్వాత పెద్దవాళ్లూ పక్కనే వేస్తారు. పైగా వెచ్చని వాతావరణంలో ఈగ గుడ్డు నుంచి రెక్కల ఈగ కావడానికి వారం, పది రోజులు చాలు. వారానికి రెండుసార్లయినా ఎత్తని కుండీ ఈగల్ని పెంచే తొట్టే.

తోపుడు బండి సందులోకి దూరుతుంది, గుమ్మం దగ్గరే తీసుకుంటుంది. నా ఓటు దీనికే, ఒక షరతు మీద: జనం ఇంట్లో ఉండే వేళకి, రోజూ అదే వేళకి రావాలి. వారంలో రెండుసార్లు డుమ్మా కొడితే చెత్త మళ్లీ కాలువకే. నెలనెలా డబ్బు కట్టించుకునే చోట కట్టలేని ఇళ్లదీ అదే దారి. బ్రెజిల్‌లోని కురిటిబా నగరం దీన్ని తిరగేసింది. లారీ వెళ్లలేని పేటల వాళ్లు చెత్తను బయటికి మోసుకొస్తే బస్సు టికెట్లు, కూరగాయలు ఇచ్చింది. మోసేది వాళ్లే అయినప్పుడు ఎదురు డబ్బు అడగడం అన్యాయమే కదా!

బండి దొరికినా దొరకకపోయినా ఇంట్లో చేయదగ్గది ఒకటుంది: తడి, పొడి కలపకపోవడం. పేద దేశాల చెత్తలో సగానికి పైగా తిండి, ఆకుల వ్యర్థాలేనని 2018లో ప్రపంచ బ్యాంకు నివేదిక చెప్పింది. కంపు కొట్టేదీ, ఈగల్ని పిలిచేదీ అదే. దాన్ని పక్కకి తీస్తే మిగతాది గోనె సంచిలో వారమైనా ఓపిగ్గా పడుంటుంది. తడి చెత్తకి మూతున్న చిన్న బకెట్ చాలు, దాన్ని మాత్రం రోజూ ఖాళీ చేయాల్సిందే.

బండివాళ్లే రెండూ ఒకచోట కుమ్మరిస్తుంటే ఇంట్లో వేరు చేయమని చెప్పడానికి నోరు రాదు. అలాంటి చోట తడి చెత్త వరకే బండికిచ్చి, సీసాలు, అట్టలు, డబ్బాలు పాత సామాన్లు కొనేవాళ్లకి అమ్ముకోవడం నయం.