లోకల్ వర్డ్‌ప్రెస్ పాస్‌వర్డ్ మర్చిపోతే ఏ దారి మేలు?

ఎప్పుడో నేర్చుకుందామని ల్యాప్‌టాప్‌లో జాంప్ (XAMPP, మన కంప్యూటర్‌నే సర్వర్‌లా నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, వర్డ్‌ప్రెస్ సైటు ఒకటి పెట్టుకుంటాం. ఆర్నెల్ల తర్వాత తెరిస్తే యూజర్‌నేమ్ గుర్తుంటుంది, పాస్‌వర్డ్ ఉండదు. లాగిన్ పేజీలో ‘పాస్‌వర్డ్ మర్చిపోయారా’ నొక్కినా లాభం లేదు. మెయిల్ పంపే ఏర్పాటు మన సిస్టమ్‌లో చేసి ఉండం. పైగా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నోటికొచ్చిన ఈమెయిల్ కొట్టేసి ఉంటాం.

పాత పాస్‌వర్డ్‌ను తవ్వి తీయడం కుదరదు. డేటాబేస్‌లో ఉండేది దాని హ్యాష్ మాత్రమే, అంటే వెనక్కి తిప్పలేని గుర్తుల వరుస. కొత్తది పెట్టుకోవాల్సిందే. అయితే ఆ సైటు లైవ్ సైటుకి కాపీ అయితే, ముందు లైవ్ పాస్‌వర్డ్ కొట్టి చూడండి. డేటాబేస్‌తో పాటు అదీ వచ్చేసి ఉంటుంది.

నా ఓటు పీహెచ్‌పీ మైఅడ్మిన్‌కే, అంటే బ్రౌజర్‌లోనే డేటాబేస్ తెరిచి మార్చుకునే టూల్‌కి. జాంప్‌తో పాటే వస్తుంది, కొత్తగా ఏమీ దించుకోనక్కర్లేదు. మీ సైటు డేటాబేస్ తెరిచి, పేరు చివర ‘యూజర్స్’ అని ఉన్న టేబుల్లోకి వెళ్లాలి. ముందు ‘డబ్ల్యూపీ’ అని ఉండాలనేం లేదు, ఇన్‌స్టాల్ చేసినప్పుడు మార్చి ఉంటే వేరే అక్షరాలుంటాయి. మీ వరుసలో ‘ఎడిట్’ నొక్కి, ‘యూజర్ పాస్’ గడిలో ఉన్న చాంతాడంత హ్యాష్‌ను చెరిపేసి కొత్త పాస్‌వర్డ్ రాయండి. పక్కనున్న ఫంక్షన్ డ్రాప్‌డౌన్‌లో ‘ఎండీ5’ (MD5, పాస్‌వర్డ్‌ను హ్యాష్‌గా మార్చే పద్ధతి) ఎంచుకుని సేవ్ చేయండి. చాలామంది తప్పేది ఈ డ్రాప్‌డౌన్ దగ్గరే. అది వదిలేస్తే పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు గడిలో పడుతుంది, లాగిన్ మాత్రం కాదు.

ఎండీ5 పాతది, బలహీనం కదా అంటారా? నిజమే. 2025లో వచ్చిన 6.8 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ వాడేది బీక్రిప్ట్ అనే గట్టి హ్యాష్ పద్ధతి. కానీ ఎండీ5ని ఇంకా ఒప్పుకుంటుంది, మీరు మొదటిసారి లాగిన్ అవగానే తనే కొత్త పద్ధతిలోకి మార్చుకుంటుంది. అందుకే సేవ్ చేశాక ఆలస్యం చేయకుండా ఒకసారి లాగిన్ అవ్వండి.

రెండో దారి థీమ్‌లోని ఫంక్షన్స్ ఫైల్లో పాస్‌వర్డ్ మార్చే లైను ఒకటి చేర్చడం. డేటాబేస్ అంటే భయపడేవాళ్లకు ఇదే తేలిక అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. లాగిన్ అయ్యాను, పేజీ మారగానే మళ్లీ లాగిన్ పేజీ. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే. కుకీలు తుడిచాను, బ్రౌజర్ మార్చాను. గంట టెన్షన్ పడ్డాక తట్టింది, ఆ లైను ఇంకా ఫైల్లోనే ఉందని. పేజీ తెరిచిన ప్రతిసారీ అది పాస్‌వర్డ్‌ను మళ్లీ పెడుతుంది, హ్యాష్ మారుతుంది, పాత లాగిన్ చెల్లదు. పేజీ ఒక్కసారి తెరిచి, లైను తీసేశాకే లాగిన్ అవ్వాలి. పీహెచ్‌పీ మైఅడ్మిన్ అందుబాటులో లేకపోతే తప్ప ఈ జోలికి పోవద్దంటాను.

ఇక డబ్ల్యూపీ సీఎల్ఐ (WP-CLI), అంటే కమాండ్లు టైప్ చేసి వర్డ్‌ప్రెస్‌ను నడిపే టూల్. ఒక్క కమాండ్‌తో పని అయిపోతుంది, హ్యాష్ గొడవే మనకు పట్టదు. కాకపోతే దాన్ని విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. నాలుగైదు సైట్లు నడిపేవాళ్లకు సరే, ఒక్క సైటు కోసమైతే అంత శ్రమ అనవసరం.

లోకల్ కదా అని కొత్త పాస్‌వర్డ్‌గా 123456 పెట్టేసినా ఇప్పటికి నష్టం లేదు. రేపు ఇదే డేటాబేస్‌ను హోస్టింగ్‌లోకి ఎక్కిస్తే మాత్రం, ఆ 123456 కూడా ఎక్కుతుంది.