పేనుబంకకి ఏది మేలు: నీళ్లా, సబ్బా, వేపనూనా?

మొక్కల రసం పీల్చే బుల్లి పురుగు పేనుబంక. ముందు మీ మొక్క మీదున్నది అదేనా అని తేల్చుకోండి. తెల్లగా దూది అంటించినట్టుంటే అది పిండినల్లి, మొక్కని కదపగానే తెల్లగా గుప్పున లేస్తే తెల్లదోమ. పేనుబంక లేత చిగుళ్ల మీద, ఆకుల అడుగున, మొగ్గల కింద గుంపుగా అతుక్కుని ఉంటుంది, ఒక్కోటి 1 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటుందేమో. ఆకుపచ్చ, పసుపు, నలుపు ఏదైనా కావచ్చు కాబట్టి రంగుని నమ్మొద్దు, భూతద్దం పెట్టి చూస్తే వెనక వైపు రెండు సన్నని గొట్టాలు కనిపిస్తాయి, అదీ అసలు గుర్తు. ఆకులు జిగటగా ఉండి చీమలు బారులు తీరాయంటే అనుమానం ఇంకాస్త బలపడుతుంది, కానీ పిండినల్లి, తెల్లదోమ ఉన్నా ఇలాగే ఉంటుంది.

ఇక మందు సంగతి. నా ఓటు నీళ్లకే. ఆకుల అడుగుకి తగిలేలా పైపుతో గట్టిగా కొడితే రాలిపోతాయి, రెక్కల్లేనివి మళ్లీ చిగురు దాకా ఎక్కిరావడం కష్టం. కాకపోతే ఒక్కసారితో తీరదు, ఆడవి మగదానితో పనిలేకుండానే పిల్లల్ని పెట్టేస్తాయి, ఆ పిల్లలు వెచ్చని రోజుల్లో వారం, పది రోజుల్లో తల్లులవుతాయి. అందుకే రెండు మూడు రోజులకోసారి కొట్టాలి. లేత నారుకి మాత్రం ఇది వద్దు, విరిగిపోతుంది, వేలితో తుడిచేయడమే నయం.

సబ్బునీళ్లు ఒంటికి తగిలిన పురుగునే చంపుతాయి, ఆరిపోయాక ఏ పనీ చేయవు. పైగా గిన్నెలు తోమే లిక్విడ్ ఘాటుగా కలిపి ఎండలో కొడితే పురుగు కంటే ముందు ఆకు మాడుతుంది. వేపనూనె కాస్త ఎక్కువ రోజులు పనిచేస్తుంది గానీ నిదానం, అదీ సాయంత్రం పూటే, ముందు ఒకట్రెండు ఆకుల మీద కొట్టి చూసుకుని. ముడుచుకుపోయిన ఆకుల్లోకి ఈ మూడూ సరిగా చేరవు, వాటిని తుంచేయడమే.

అన్నట్టు, ఏది కొట్టినా ముందు గుంపులోకి ఒకసారి తొంగిచూడండి. నల్లగా, నారింజ మచ్చలతో, మొసలి పిల్లలా పాకేది కనిపిస్తే కంగారుపడి నలిపేయకండి, అది అక్షింతల పురుగు పిల్ల, పేనుబంకే దాని తిండి. గోధుమరంగులో ఉబ్బి కదలకుండా ఉన్న పేనుబంక ఉంటే దాని లోపల బుల్లి కందిరీగ పెరుగుతోందన్నమాట. ఇవి రెండూ బాగానే కనిపిస్తుంటే నేనైతే పైపు కూడా ముట్టుకోను, చీమల్ని మాత్రం మొక్క ఎక్కకుండా చూస్తాను, ఎందుకంటే పేనుబంక వదిలే తీపి జిగురు కోసం చీమలు ఈ అక్షింతల పురుగుల్ని, కందిరీగల్ని తరిమేస్తాయి.