అయస్కాంతం జేబులో వేసుకుని కొన్న ఫియట్: ఎనిమిదేళ్ళ తర్వాత

ఆర్‌సీలో ప్రీమియర్ పద్మిని, 1984 మోడల్ అని ఉంటుంది. మా ఇంట్లో మాత్రం దాన్ని పద్మిని అన్నవాళ్ళు లేరు, ఫియట్టే. 2017 నవంబరులో 72 వేలకు కొన్నాను. పద్నాలుగు నెలలు షెడ్డులోనే ఉంది. ఆ తర్వాత ఇప్పటిదాకా 19 వేల కిలోమీటర్లు తిరిగింది. జనం చేత తోయించుకున్న దూరం అందులో కలపలేదు.

ఈ మధ్య నలుగురైదుగురు ఒకటే ప్రశ్న అడిగారు: లక్షలోపు పాత కారు కొని బాగు చేయించుకోవాలంటే ఏది కొనాలి, ఎలా కొనాలి అని. అందరికీ ఫోన్లో విడివిడిగా చెప్పలేక ఒకేసారి రాస్తున్నాను.

అప్పట్లో నా చేతిలో ఉన్నది అక్షరాలా లక్ష. కాంటెస్సా పెద్ద కారు, కలలోకి రావచ్చు గానీ చెన్నై పెరంబూరులో మా సందులోకి రాదు. అంబాసిడర్ 2014లో తయారీ ఆగిపోగానే ఓనర్లకు దాని మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది, అప్పటిదాకా కోళ్ళు పడుకున్న బండికి కూడా లక్షన్నర అడిగేవారు. మిగిలినవి రెండు: స్టాండర్డ్ హెరాల్డ్, ఫియట్.

హెరాల్డ్ మన మద్రాసు కారే. ఇక్కడి పెరుంగళత్తూరులోనే తయారైంది. బాగు చేయించుకునేవాడికి అంత అనుకూలమైన బండి ఇంకోటి లేదు. ఛాసిస్ (కింది చట్రం) వేరు, దాని మీద బోల్టులతో బిగించిన బాడీ వేరు. బానెట్ ఎత్తితే మడ్గార్డులతో సహా ముందుభాగమంతా ముందుకు వాలుతుంది, టైరు మీద దర్జాగా కూర్చుని ఇంజిన్ పని చేసుకోవచ్చు. అయితే లైటు కప్పు పగిలినా, అద్దం పగిలినా నెలల తరబడి వేట. నేనప్పుడు భయపడ్డాను.

ఫియట్‌కు ఆ భయం లేదు. ముంబైలో ఒకప్పుడు ట్యాక్సీలు దాదాపు అన్నీ అవే కాబట్టి కింగ్‌పిన్నులు (ముందు చక్రాలు పక్కకు తిరిగేది వీటి మీదే), క్లచ్ ప్లేట్లు, బ్రేక్ సిలిండర్లు ఎప్పుడు కావాలన్నా దొరికేవి. ఆ ట్యాక్సీల కథ 2023 అక్టోబరుతో ముగిసింది. 2003 అక్టోబరులో రిజిస్టరైన చివరి బండికి ఇరవై ఏళ్ళ గడువు ఆ నెలతో తీరింది. అయినా ఇంజిన్ సామాను ఇప్పటికీ దొరుకుతోంది. దొరకనివి పైపై సోకులు: గ్రిల్లు, వీల్ కప్పులు, బ్యాడ్జీలు, ముందు తలుపుల్లోని ఆ చిన్న మూడు మూలల అద్దం. జనరల్ పీటర్స్ రోడ్డులో కొత్త సామాను, పుదుపేటలో పాత సామాను. పుదుపేటకు కొత్తగా వెళ్ళేవాళ్ళకు ఒక మాట: కావలసిన వస్తువు పాతది చేతిలో పట్టుకుని వెళ్ళండి. నోటితో చెబితే కొట్టువాడు తన దగ్గరున్నదే మీది అంటాడు.

ఇక కొనడం సంగతి. ఫియట్‌కు హెరాల్డ్‌లా వేరే ఛాసిస్ ఉండదు. బండి బరువంతా మోసేది రేకే. ఫ్లోరు, తలుపుల కిందుగా పొడుగ్గా పోయే పెట్టెలాంటి భాగం (మన మేస్త్రీలు రన్నింగ్ బోర్డు అంటారు), ఇవి తుప్పు పట్టాయంటే అది అందానికి సంబంధించిన లోపం కాదు, బండికి వెన్నెముక పోయినట్టే. ఈ ముక్క నాకు చెప్పింది వ్యాసర్‌పాడిలో ఒక టింకరింగ్ (రేకు పని) మేస్త్రి. డెబ్బై దగ్గర పడుతున్నాయి. తాత కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం, అందర్నీ నైనా అనే పిలుస్తాడు. చూసిన ప్రతి బండికీ ఆయన్ని తీసుకెళ్ళాను. ఆటో చార్జీ, టిఫిను, మూడొందలు. ఈ ఎనిమిదేళ్ళలో నేను ఖర్చు పెట్టిన డబ్బులో సార్థకమైనది ఇదే.

మొదటి బండి మైలాపూరులో. తళతళలాడుతోంది. నలభై అయిదు వేలే. తాళం తిప్పగానే స్టార్టయింది. నేను అడ్వాన్సు ఇచ్చేద్దామని జేబులో చెయ్యి పెట్టాను. మేస్త్రి జేబులోంచి పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం తీశాడు. పెయింటు గీసుకోకుండా దాన్ని జేబురుమాల్లో చుట్టి, తలుపు పైభాగాన పెట్టాడు. టక్కున అంటుకుంది. మెల్లగా కిందికి జార్చుకుంటూ వచ్చాడు. హ్యాండిలు దాటి జానెడు దిగేసరికి పట్టు సడలింది. ఇంకో బెత్తెడు దిగగానే జారి కింద పడిపోయింది. రేకు ఉండాల్సిన చోటంతా లప్పమే. తర్వాత కార్పెట్టు ఎత్తి, ఫ్లోరు మీద స్క్రూడ్రైవరు పిడితో తట్టాడు. ఖంగుమనాల్సింది, నానిన అట్టపెట్టెలా మొద్దుగా మోగింది. ఆయన ఓనరుతో ఏమీ అనలేదు. బయటికొచ్చాక నాతో అన్నాడు: "ఇంజిన్‌దేముంది నైనా, యాభై వేలు పారేస్తే కొత్తదౌద్ది. రేకు పోయిందనుకో, నువ్వు ఇస్తానే ఉంటావు, నేను అతికిస్తానే ఉంటాను."

రెండోది తిరువాన్మియూరులో, బీచికి రెండు వీధుల అవతల. దాని మీద ఎక్కువ చెప్పను. ఉప్పుగాలికి ఇరవై ఏళ్ళు ఆరుబయట నిలబడిన బండి. డిక్కీలో స్టెప్నీ ఎత్తితే కింద నేల కనిపించింది. సముద్రం పక్క వీధుల్లో పాత కారు చూడ్డానికి వెళ్తే ముందు అది కారుషెడ్డులో ఉందో, చెట్టు కింద ఉందో అడగండి.

మూడోది రేకు బాగుంది, ధర బాగుంది, కాగితాలే బాలేవు. ఓనరు కాలం చేశారు. ముగ్గురు కొడుకులు, మూడు దేశాలు. వారసుల పేరు మీదికి మారకుండా మన పేరు మీదికి రాదు. "సంతకాలు తెప్పిస్తాం సార్" అన్నారు. ఏడాది తర్వాత కూడా అదే మాట అన్నారు. పాత బండ్లలో ఇలాంటివి సగానికి సగం ఉంటాయని నా అనుమానం. 2015 డిసెంబరు వరదల్లో మునిగిన బండ్లు కూడా అప్పటి మార్కెట్లో బాగానే తిరిగాయి. తలుపు లోపలి అట్ట ఊడదీసి వేలు పెట్టి చూస్తే ఎండిన సన్నటి బురద తగిలేది.

నేను కొన్నది కీల్పాక్‌లో. చూడ్డానికి అన్నిటికంటే దరిద్రంగా ఉంది. నాలుగు టైర్లూ నేలకు అతుక్కుపోయి, సీట్లు ఎలుకలు కొట్టేసి, ఇంజిన్ జామ్. ఆరేళ్ళుగా స్టార్ట్ చేయలేదట. కానీ ఆ ఆరేళ్ళూ పైకప్పున్న షెడ్డులో ఉంది. అయస్కాంతం ఎక్కడా జారలేదు, ఒక్క బ్యాటరీ కింద పళ్ళెం తప్ప. 95 అన్నారు, 72కి వచ్చారు. ఇంజిన్ తిరగదు కదా అని బేరం ఆడాను గానీ, మేస్త్రి కళ్ళల్లో ఆనందం చూసి నాకు లోపల్లోపల నవ్వొస్తోంది.

ఖర్చులు దాచకుండా చెబుతాను. కారు 72 వేలు. టింకరింగు, పెయింటింగు కలిపి లక్షా పద్దెనిమిది వేలు. ఇంజిన్ విప్పి చేసిన పని (రీబోరు, హెడ్, క్రాంక్ పాలిషింగు) 46 వేలు. సీట్లు 24. బంపర్లకూ మిగతావాటికీ క్రోమ్ 17. టైర్లు 15. వైరింగ్ 11. మొత్తం మూడు లక్షల మూడు వేలు. లక్షతో బయలుదేరినవాడిని నేను! నాలుగు నెలలన్నది పద్నాలుగైంది. అందులో మూడు నెలలు ఒక పెయింటరు అడ్వాన్సు తీసుకుని కనబడకుండా పోయినవి. కారు ధరకు మూడింతలు పక్కన పెట్టుకోకుండా ఈ పనికి దిగొద్దని ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. మైలాపూరు బండి కొనుంటే టింకరింగుకే రెండు లక్షలు దాటేదని మేస్త్రి లెక్క.

రంగు విషయంలో ఒక తెలివైన పని చేశాను, అదీ మేస్త్రి చలవే. నాకు ఆకుపచ్చ వేయించాలని ఉండేది. ఆర్‌సీలో ఉన్నది వేరే రంగు. రంగు మారిస్తే ఆర్టీఓలో రాయించుకోవాలి. ఎందుకొచ్చిన గొడవ అని ఉన్న తెలుపే వేయించాను.

కాగితాల గురించి ఇంకొంచెం. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు, ఆ తర్వాత ప్రతి అయిదేళ్ళకూ రెన్యువల్. నాకు 2019లో ఒకసారి, 2024లో ఒకసారి వచ్చింది. మొదటిసారి ఫీజు 600. రెండోసారి 5,000, ఎందుకంటే 2022 ఏప్రిల్ నుంచి పెంచారు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు 10,000 చేశారు, అంటే 2029లో నాకు పండగే. యాభై ఏళ్ళు దాటితే వింటేజ్ కింద నంబరు ప్లేటులో వీఏ అక్షరాలతో రిజిస్టర్ చేసుకోవచ్చు, కానీ అలా చేశాక రోజువారీ తిరగడానికి ఒప్పుకోరు. నాది 2034కు యాభై నిండుతుంది. అప్పటికి నేనే వింటేజ్. కొనే ముందు ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, ఆ ముద్రను ఆర్‌సీతో పోల్చుకోండి. పాత ఫియట్లలో ఇంజిన్లు ఎన్ని చేతులు మారాయో ఆ దేవుడికి తెలియాలి.

నడపడం ఎలా ఉంటుందంటే, 1089 సీసీ, నలభై గుర్రాల పైచిలుకు. అరవై మీద హాయిగా పోతుంది. ఎనభైకి అన్నీ మాట్లాడటం మొదలుపెడతాయి. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే, కాబట్టి ముందు బండికీ మనకూ మధ్య ఒక ఆటో పట్టేంత ఖాళీ ఉంచాలి. ఆ ఖాళీలోకి నిజంగానే ఒక ఆటో వస్తుంది, అది వేరే విషయం. ఊళ్ళో లీటరుకు పదకొండు కిలోమీటర్లు ఇస్తుంది. నెల్లూరు మూడుసార్లు వెళ్ళొచ్చాను, సూళ్ళూరుపేటలో ఒక టీ, రేడియేటరుకు ఒక చెంబు నీళ్ళు.

దీనికో గుణం ఉంది. గేరు స్టీరింగు పక్కన ఉంటుంది. అక్కణ్ణుంచి గేరుబాక్సు దాకా రాడ్లు, వాటి కీళ్ళ దగ్గర బుష్షులనే చిన్న తొడుగులు. బుష్షులు అరిగితే రెండు గేర్ల మధ్య ఇరుక్కుపోతుంది. పురసైవాక్కం సిగ్నల్లో సాయంత్రం ఆరున్నరకు ఇరుక్కుంది. వెనక బస్సు హారను. మా ఆవిడ నా వైపు చూడకుండా కిటికీ వైపు చూసింది. దిగి, బానెట్ ఎత్తి, లోపలి లీవరును చేత్తో న్యూట్రల్లోకి లాగి మళ్ళీ ఎక్కాను. మొత్తం ఒక నిమిషం. బస్సు డ్రైవరు దాటిపోతూ తలూపాడు, ఆయన కూడా ఎప్పుడో ఫియట్ తోలినవాడే అయ్యుంటాడు. బుష్షుల సెట్టు ఖరీదు నాలుగొందలు. అప్పటికి ఏడాదిగా వాయిదా వేస్తున్నాను.

ఎండలు ఇంకో పరీక్ష. మనకు రోహిణి కార్తె ఎలాగో, ఇక్కడివాళ్ళకు అంతకు కాస్త ముందు మే నెలలో వచ్చే అగ్ని నక్షత్రం అలాగ. ట్రాఫిక్కులో పది నిమిషాలు ఆగితే ఇంజిన్ వేడికి పంపులో పెట్రోలు ఆవిరైపోయి కార్బ్యురేటరుకు అందదు. మందు పాతదే: పంపుకు తడిగుడ్డ చుట్టడం. నా డిక్కీలో ఎప్పుడూ ఒక నీళ్ళ సీసా, ఒక పాత తువ్వాలు ఉంటాయి. పెట్రోల్లో కలిపే ఇథనాల్ వాటా పెరిగాక మరో చిక్కు వచ్చింది. పాత రబ్బరు పైపులు మెత్తబడి, పంపులో డయాఫ్రమ్ (పల్చటి పొర) సాగిపోయింది. పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే రకానికి మార్చాను. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచి వదిలేయకండి, ట్యాంకు లోపలి నుంచి తుప్పు పడుతుంది.

2023 డిసెంబరు మిచాంగ్ తుపానుకు మా వీధిలో చక్రం సగం మునిగేదాకా నీళ్ళు నిలిచాయి, రెండు రోజులు. స్టార్ట్ చేయకుండా మేస్త్రికి ఫోన్ చేశాను. డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల డబ్బా) నట్టు విప్పితే ఆయిలు రాలేదు, పాలెక్కువైన కాఫీ వచ్చింది. గేరుబాక్సులోనూ అదే. రెండూ కడిగి కొత్త ఆయిలు పోశాం. వెనక బ్రేకులు డ్రమ్ముకు పట్టేశాయి, సుత్తితో చుట్టూ తట్టి వదిలించాల్సి వచ్చింది. మొత్తం ఖర్చు ఆరు వేల లోపే. పక్కింటివాళ్ళ కొత్త కారు అదే నీళ్ళలో ఉంది. దానికి వచ్చిన బిల్లు నేను చెప్పను, వాళ్ళు ఇంకా బాధలోనే ఉన్నారు.

నా అసలు ఫిర్యాదు బండి మీద కాదు, చేతుల మీద. కార్బ్యురేటరు ట్యూన్ చేయగలిగిన మనుషులు ఏటేటా తగ్గిపోతున్నారు. పెద్ద షెడ్డుల్లో కుర్రాళ్ళు కొత్త కార్లలో లోపాలు చూపించే స్కానరు ఎక్కడ గుచ్చాలా అని డాష్‌బోర్డు కింద వెతికారు, ఒట్టు. అందుకని ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే పాయింట్ల గ్యాప్ పెట్టడం, ప్లగ్గులు శుభ్రం చేయడం, కింగ్‌పిన్నులకు గ్రీజు కొట్టడం నేనే నేర్చుకున్నాను. ఆ మాత్రం చేతులు నల్లగా చేసుకోవడం ఇష్టం లేనివాళ్ళు పాత మారుతీ 800 కొనుక్కోవడం మేలు.

మొన్న ఆదివారం పల్లావరంలో ఒక హెరాల్డ్ ఉందని కబురొచ్చింది. వెళ్ళి చూశాను. అద్దాలన్నీ ఉన్నాయి, వెనక లైటు కప్పులు కూడా. బానెట్ ముందుకు వాల్చి చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. తలుపుల మీద అయస్కాంతం పట్టింది. ఛాసిస్ వెనక భాగంలో మాత్రం ఒక చోట కొత్తగా నల్ల పెయింటు కొట్టి ఉంది, ఎందుకు కొట్టారని అడిగితే ఓనరు టీ తాగుతారా అన్నాడు. వచ్చే ఆదివారం మేస్త్రిని తీసుకుని మళ్ళీ వెళ్తున్నాను. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.